సీసా బాబాయి సాక్ష్యం

సోమవారం తెల్లారి అయిదూ నలభైకి స్కూలు బస్సు తాళం కోసం డ్రైవరు చెయ్యి చాపితే, ట్రాన్స్‌పోర్టు మేనేజరు ఆ చేతిలో తాళానికి బదులు తన ఫోను పెట్టాడు.

"ఇది మీరేనా డ్రైవర్ గారూ?"

కాదనడానికేముంది, ఆ వీడియోలో ఉన్నది తన మొహమే. వెనక నీలం లైట్లు వెలుగుతున్నాయి. ఎవరో సన్నగా గిటారు వాయిస్తున్నారు. కళ్ళు తుడుచుకుంటూ, "ఆ సీసా నన్ను మింగేసింది" అంటున్నాడు తను. కింద పసుపు అక్షరాల్లో 'ఇరవై ఏళ్ళు మత్తులో స్టీరింగు పట్టిన మనిషి' అని రాసి ఉంది. ఇరవై ఆరో ఏట మారాడని అదే వీడియోలో ఇంకోచోట ఉంది. అంటే ఆరో ఏటినుంచే తాగి లారీ తోలాడన్నమాట! ఇలాంటివి చూసుకునే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది?

"రెండో తరగతి పాప వాళ్ళమ్మ పంపింది. నిన్నట్నుంచి తల్లులందరూ కలిసి నా ప్రాణం తీస్తున్నారు," అన్నాడు మేనేజరు. చెడ్డవాడు కాదు పాపం, కూర్చోమని కుర్చీ కూడా చూపించాడు. "ముప్ఫై ఎనిమిది మంది పిల్లలండీ మీ బస్సులో."

"నేనసలు తాగనండీ. ఎప్పుడూ తాగలేదు."

"మరి ఇందులో ఏడుస్తున్నారేంటండీ?"

పంతొమ్మిదేళ్ళుగా అదే స్కూలు బస్సు. అద్దానికి గీత పడింది లేదు, ఒక్క పిల్లకి మోకాలు గీరుకున్నది లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ, ఫోనులో ఏడుస్తున్న తన మొహం ముందు అది పైకి రాలేదు.

"గురువారం నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది," అన్నాడు మేనేజరు. "ఇది నిజమైతే నేను చెయ్యగలిగిందేం లేదు. అబద్ధమైతే అబద్ధమని కాగితం ఇవ్వండి. మీరొక్కరే రాస్తే చాలదు. అప్పట్నుంచీ మిమ్మల్ని ఎరిగినవాళ్ళు పెట్టాలి సంతకం. ఈ వీడియో తీసిన చర్చివాళ్ళు పెట్టినా సరే, మీ ఇంటావిడ పెట్టినా సరే. ఆ కాగితం వస్తే శుక్రవారం పొద్దున్న తాళం మీ చేతిలో పెట్టే పూచీ నాది."

అంత సులువా అనిపిస్తుంది వినేవాళ్ళకి. నిజం చెప్పడమేగా! కానీ డ్రైవరుకి మాత్రం అది అన్నిటికన్నా కష్టమైన పని.

ఎందుకు కష్టమో చెప్పాలంటే పాత సంగతి ఎత్తాలి.

ఇతను పుట్టింది పెద్ద రాతి చర్చిలో. అంటే కడుపులో ఉన్నప్పుడే పేరు పుస్తకంలోకి ఎక్కే రకం. సండేస్కూలుకి వెళ్ళాడు, చెప్పిన వాక్యాలు అప్పజెప్పాడు, మీసాలొచ్చాక లారీ క్లీనరుగా చేరాడు. అంతవరకూ అతన్ని ఎవరైనా ఏమిటి నువ్వు అని అడిగితే క్రైస్తవుడిని అనేవాడు. అక్కడితో అయిపోయేది. ఆ రోజుల్లోనే ఊరి చివర టైర్ల గోడౌనులో ఒక కొత్త సహవాసం మొదలైంది. వాళ్ళ లెక్క వేరు. రాతి చర్చివాళ్ళని వాళ్ళు నామకార్థులు అనేవారు, అంటే పేరుకి మాత్రమే క్రైస్తవులని. తమని తాము మారినవాళ్ళం అని పిలుచుకునేవారు. అప్పటిదాకా ఏ లోటూ లేకుండా తిరిగిన క్లీనరు కుర్రాడు, ఆ మాట చెవినపడ్డ రోజునుంచి తనకేదో తక్కువైందని బాధపడటం మొదలుపెట్టాడు. అసలు కారణం ఇంకోటుంది లెండి. ఆ గోడౌనులో ఒక అమ్మాయి పాటలు పాడేది.

అమ్మాయి తండ్రే అక్కడ పెద్ద. ధైర్యం చేసి వెళ్ళి అడిగితే, ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"నువ్వెప్పుడు మారావు అబ్బాయ్?"

"మారడమేంటండీ, నేను పుట్టుకతోనే..."

"పుట్టుకతో ఎవడూ కాడు. నామకార్థుడికి నేను పిల్లనివ్వను. సాక్ష్యం ఉంటే చెప్పు, వింటాం."

సాక్ష్యమంటే తను పాపంలోంచి ఎలా మారాడో అందరిముందూ లేచి చెప్పుకోవడం, అదెక్కణ్ణించి తెస్తాడు? మారడానికి ముందు ఒక పాపమన్నా ఉండాలి కదా! పై ఆదివారం వెనక బెంచీలో కూర్చుని గమనించాడు. ఒక టీచరమ్మ లేచి, చిన్నప్పట్నుంచీ నాకు దేవుడంటే భయభక్తులే అంటే, ఎవరో ఒకరు ఎక్కడో 'స్తోత్రం' అన్నారు, అదీ ఆవులిస్తూ. తరవాత లేచిన జేబుదొంగకి మాత్రం గోడౌను రేకులు అదిరిపోయేలా చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య మన కుర్రాడు లేచి నిలబడ్డాడు. లేచేదాకా ఏం చెప్పాలో అతనికే తెలీదు. నోరు తెరిస్తే తను క్లీనరుగా ఉన్న లారీ డ్రైవరు కథ బయటికొచ్చింది. పొద్దున్నే గుక్కెడు పడకపోతే చేతులు వణికే ఆ మనిషి, లారీని కాలవలో దింపి స్టీరింగు పట్టుకునే నిద్రపోయిన మనిషి, ఆ పూట 'నేను' అయిపోయాడు. క్లీనరు తాగుడు చరిత్ర మొత్తం ఏమిటంటే, ఒకసారి అరగ్లాసు తాగి అరరోజు కక్కుకున్నాడు. అంతే.

చివర్లో ఇంకో ముక్క కూడా కలిపాడు మహానుభావుడు. "చచ్చిపోదామని వెళ్తుంటే ఈ గోడౌనులోంచి ఒక చెల్లి పాట వినబడింది. ఆ గొంతే నన్ను ఆపింది" అన్నాడు. చెల్లి అనడం అక్కడి పద్ధతి, తరవాత పెళ్ళికి అదేం అడ్డురాలేదు. గోడౌనంతా వెక్కివెక్కి ఏడ్చింది. ఆ అమ్మాయి అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. మూడు నెలల్లో పెళ్ళయింది.

అప్పట్నుంచి అతను సీసా బాబాయి. తాతల వయసువాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. ఎక్కడ కూటాలు పెట్టినా పిలుపొచ్చేది. చెప్పగా చెప్పగా కథలో కాలవ లోతు పెరిగింది. ఒప్పేసుకుందామని అతను అనుకోకపోలేదు. పెళ్ళయిన కొత్తలో అనుకున్నాడు, పిల్ల పుట్టాక అనుకున్నాడు, మామగారు పోయాక అనుకున్నాడు. ఒప్పుకోవడానికి తగిన ఆదివారం ఇరవై ఆరేళ్ళలో ఒక్కటీ దొరకలేదు.

ఇక అతని భార్య. ఆవిడకి తన గొంతు ఒక మనిషిని చావునుంచి వెనక్కి లాగిందన్న నమ్మకం ఎముకల్లోకి ఇంకిపోయింది. ఊరికే మురిసిపోయి ఊరుకునే మనిషి కాదు. పదిహేనేళ్ళుగా ప్రతి బుధవారం తాగుబోతుల భార్యల్ని ఇంట్లో కూర్చోబెట్టుకుని ధైర్యం చెప్పేది. వాళ్ళతోపాటు ఆస్పత్రులకి తిరిగేది, కావాలంటే పోలీసు స్టేషనుకీ వెళ్ళేది. ఆవిడ చేత్తో బాగుపడ్డ కొంపలు నిజంగా ఉన్నాయి. అబద్ధంలోంచి పుట్టినా ఆ మంచి అబద్ధం కాదు కదా! డ్రైవరు పీక పట్టుకున్నది అదే.

సోమవారం అతను ఇంట్లో ఏమీ చెప్పలేదు. మంగళవారం మామూలుగానే అయిదింటికి నీలం చొక్కా తొడుక్కుని, క్యారియరు పట్టుకుని బయల్దేరాడు. బస్టాండులో బెంచీ మీద పదింటిదాకా కూర్చుని, అక్కణ్ణించి పాస్టరు దగ్గరికి నడిచాడు. చర్చివాళ్ళు సంతకం పెడితే భార్యదాకా పోకుండానే గండం గట్టెక్కుతుందని ఆశ.

గోడౌను ఇప్పుడు గోడౌను కాదు. సహవాసం అన్న పేరు కాస్తా కేంద్రం అయి, కేంద్రం కాస్తా ఈమధ్య 'కుటుంబం' అయింది. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. తలుపు దగ్గర వచ్చినవాళ్ళ మెడలో పట్టీ వేస్తారు. కొత్తవాళ్ళకి 'అతిథి', నాలుగు వారాలు దాటితే 'అన్వేషి', బాప్తిస్మం అయ్యాక 'విజేత'. పాస్టరు అతని భార్యకి స్వయానా మేనల్లుడే. చిన్నప్పుడు ఇతని భుజాలమీద ఎక్కి తిరిగినవాడే. ఇప్పుడు పాస్టరు అనకూడదట, అందరూ 'అన్న' అనాలట. ఎత్తుకు పెంచిన మేనల్లుణ్ణి పట్టుకుని అన్నా అనడానికి డ్రైవరుకి ఇంకా నోరు రాలేదు.

"రండి మావయ్యా! మీ వీడియో మూడు లక్షలు దాటింది తెలుసా?"

డ్రైవరు తలుపు దగ్గరగా వేసి, నిలబడే మొత్తం చెప్పేశాడు. తన లారీ డ్రైవరు సంగతి, అరగ్లాసు సంగతి, పెళ్ళి సంగతి. ఇరవై ఆరేళ్ళ మూట కాబట్టి అరగంటయినా పడుతుందనుకున్నాడు. తీరా చూస్తే నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

మేనల్లుడు నమ్మాడు. నమ్మకపోయినా బాగుండేది.

"అబద్ధం అని ఎందుకంటారు మావయ్యా?" అన్నాడు మెత్తగా, గోడమీదున్న జాబితా చూపిస్తూ. మనం వాడే మాటలు ఒక వరస, వాడని మాటలు ఇంకో వరస. పాపం అనకూడదు, గాయం అనాలి. సాక్ష్యం అనకూడదు, కథ అనాలి. అబద్ధం అన్న మాట రెండు వరసల్లోనూ లేదు. "మీ లోపల ఏదో వెలితి ఉండబట్టే కదా ఆ రోజు లేచి నిలబడ్డారు? ఆ వెలితే మీ సీసా. నాకైతే తేడా ఏం కనబడట్లేదు."

"స్కూలువాళ్ళకి కనబడుతుంది నాయనా. నేను తాగలేదని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టు. నాకు ఆ బస్సు తప్ప ఇంకేం చేతకాదు."

మేనల్లుడు టేబులు మీద వేలితో గీతలు గీశాడు. "మన దగ్గరికొచ్చే వెల్డరు ఉన్నాడు చూశారా, మీ కథ విని మానేశాడు. తొమ్మిది నెలలైంది. రేపు మీరు తాగలేదని నేనే సంతకం పెట్టానని తెలిస్తే, వాడు సాయంత్రానికి ఎక్కడుంటాడో చెప్పండి. అత్తయ్య గుంపులో ఆడవాళ్ళు ఏమైపోతారు?"

వాడు స్వార్థంతో అన్నా, అన్నది మాత్రం నిజం.

"ఒక పని చేద్దాం," అన్నాడు మేనల్లుడు, ఉన్నట్టుండి కళ్ళు మెరుస్తుండగా. "ఇంకో కథ తీద్దాం. పాత జీవితం వెంటాడి ఉద్యోగం పోయినా నిలబడిన విజేత. గురువారం కమిటీ అవగానే వచ్చెయ్యండి, ఆ బాధ మొహం మీద ఉండగానే తీసేద్దాం."

ఒళ్ళు మండిపోయింది డ్రైవరుకి. అరే వెధవా అని రెండు చెంపలూ వాయించి ఉండేవాడే, తలుపు తీసుకుని ఇద్దరు పిల్లలు టీ పట్టుకుని రాకపోతే. వాళ్ళు ఇతన్ని చూసి కళ్ళింత చేసుకుని, "సీసా బాబాయ్! వందనాలు!" అన్నారు. ఇతను చెయ్యెత్తి దీవించాడు. దీవించక ఏం చేస్తాడు, చెయ్యి అదంతటదే లేచింది.

ఇక మిగిలింది ఒక్క సంతకం, భార్యది. ఎవరి కథ ఎత్తుకొచ్చాడో ఆ లారీ డ్రైవరు పోయి పద్దెనిమిదేళ్ళయింది. రాతి చర్చిలో అప్పట్లో ఇతన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఒక్కరూ లేరు.

బుధవారం చెప్పేద్దామనుకున్నాడు. ఇంటికొచ్చేసరికి ముందుగదిలో చాపల నిండా ఆడవాళ్ళు. భార్య వాళ్ళ మధ్య కూర్చుని ఒక చిన్నపిల్ల తల నిమురుతోంది. పట్టుమని పాతికేళ్ళు లేవు ఆ పిల్లకి, చెయ్యి విరిగి కట్టుతో ఉంది.

"ఇదిగో, ఈయన్నే చూడమ్మా," అంది భార్య. "ఈ మనిషి స్టీరింగు మీద పడి నిద్రపోయిన మనిషి. ఇప్పుడెలా ఉన్నాడు? నీ మొగుడు మాత్రం ఎందుకు మారడు?"

ఆ పిల్ల తలెత్తి అతన్ని అలా చూస్తూ ఉండిపోయింది. జన్మలో అతన్ని అంత ఆశగా ఎవరూ చూడలేదు. డ్రైవరు క్యారియరు వంటింట్లో పెట్టి, పెరటి తలుపు తీసుకుని బయటికెళ్ళి, వాళ్ళందరూ వెళ్ళేదాకా నీళ్ళ కుళాయి పక్కన నిలబడ్డాడు. ఎవడి ఇంట్లో వాడే దొంగలా నిలబడటం ఎంత నరకమో ఆ గంటలో తెలిసొచ్చింది. ఆ తరవాత కూడా చెప్పకుండానే అన్నం తిని పడుకున్నాడు.

గురువారం పొద్దున్న బస్టాండులో కూర్చుని, తెల్ల కాగితం మీద తనే రాశాడు. 'నా భర్త పెళ్ళికి ముందుగానీ తరవాతగానీ మద్యం అలవాటు ఉన్నవాడు కాదని నాకు తెలిసి సంతకం చేస్తున్నాను.' మూడు కాగితాలు చించాక నాలుగోది బాగా వచ్చింది. పదిన్నరకి ఇల్లు చేరాడు. భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆ వేళకి ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి ఆశ్చర్యపోలేదు.

"రండి. మీ కోసమే చూస్తున్నా. మూడ్రోజుల్నుంచీ బస్టాండులో కూర్చుంటున్నారటగా? మన గుంపులో ఆవిడ చూసి చెప్పింది."

హమ్మయ్య అనుకున్నాడు డ్రైవరు. సగం బరువు దిగింది. మంచం మీద కూర్చుని, కాగితం ఆవిడ చేతిలో పెట్టి, మొత్తం చెప్పేశాడు. ఈసారి నాలుగు నిమిషాలు చాల్లేదు. మధ్యలో ఏడుపొచ్చింది. "నీ కోసమే చెప్పానే. మీ నాన్న నిన్నివ్వనంటే ఇంకేం చెయ్యాలో తెలీలేదు. ఆ రోజు నేను చావడానికీ పోలేదు, నీ పాట విని ఆగనూ లేదు. నీ పాట వినడానికే వచ్చాను. నేనెప్పుడూ తాగలేదే," అన్నాడు.

ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది. కోప్పడలేదు. అరవలేదు. బట్టలు పక్కకి నెట్టి వచ్చి అతని పక్కన కూర్చుంది. అతని వీపు మీద చెయ్యేసి నెమ్మదిగా రాసింది. ఆ చెయ్యి తగలగానే ఇరవై ఆరేళ్ళ తరవాత డ్రైవరు మొట్టమొదటిసారి గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎన్నాళ్ళయింది?" అంది.

"ఏది?"

"మళ్ళీ మొదలుపెట్టి."

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక గబుక్కున ఆవిడవైపు తిరిగాడు. "మొదలుపెట్టడమేంటే! చెప్తున్నా కదా, అసలు..."

"ఏమండీ, పదిహేనేళ్ళయింది నేను ఈ మాట వినబట్టి. ముందు తాగలేదంటారు. తరవాత ఎప్పుడూ తాగలేదంటారు. ఆ తరవాత ఏడుస్తారు. ఇదిగో, ఇలాంటి కాగితాలు కూడా రాసుకొస్తారు, పెళ్ళాన్ని సంతకం పెట్టమని." ఆవిడ గొంతులో కోపం లేదు, ప్రేమే ఉంది. ఆవిడ చేత బాగుపడ్డ ప్రతి ఆడమనిషీ విన్న గొంతే అది. "పని మానేసి బస్టాండులో కూర్చోవడం, నాతో చెప్పకపోవడం, నిన్న పెరట్లో గంటసేపు నిలబడటం... నాకు తెలీదనుకున్నారా?"

"దేవుడి తోడు!" అన్నాడు అతను.

ఆవిడ ముందుకి వంగింది. ముద్దు పెట్టుకోబోతున్నట్టు మొహం దగ్గరగా తెచ్చి, అతని నోటి దగ్గర ముక్కు పెట్టి గట్టిగా వాసన చూసింది. పొద్దున్న పంటినొప్పికి అతను బుగ్గన పెట్టుకున్న లవంగం ఘాటుగా తగిలింది.

"లవంగం, వాసన తెలీకుండా," అంది తనలో తనే, తల ఊపుకుంటూ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితాన్ని మడిచి జాకెట్టులో దోపుకుంది. "భయపడకండి. నేనున్నాను కదా. ఒకసారి మార్చుకున్నాను, మళ్ళీ మార్చుకుంటాను. ఎక్కడ పెట్టారో చెప్పండి చాలు."

"ఏమీ లేదే. ఎక్కడా ఏమీ లేదు. నాలుగింటికి కమిటీ ఉందే, ఆ సంతకం..."

"కమిటీకి నేనూ వస్తాను. మీకు వైద్యం చేయిస్తున్నానని నేనే చెప్తాను వాళ్ళకి. దాస్తేనే తప్పు, చెప్తే తప్పేముంది?"

ఆవిడ లేచి పరుపు ఎత్తి చూసింది. దుప్పట్ల పెట్టె తీసింది. వంటింట్లో బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలియబెట్టింది. స్నానాలగదిలో బకెట్ల వెనక చూసింది. చూసిన ప్రతిచోటా ఏమీ దొరక్కపోయేసరికి ఆవిడ మొహం ఇంకా పాలిపోయింది. అంత బాగా దాచగలిగాడంటే రోగం ఎంత ముదిరిందోనని. డ్రైవరు మంచంమీదే కూర్చుని, తన ఇంట్లో లేని సీసా కోసం తన భార్య వెతకడం చూస్తున్నాడు. వద్దే అనాలని ఉంది. ఏమన్నా అది తాగినవాడి మాటే అవుతుంది.

చివరికి ఆవిడ ఇనప బీరువా దగ్గరికి వచ్చింది. దాని వెనక చూద్దామని భుజం ఆనించి తోసింది, కదల్లేదు. నడుం పట్టుకుని ఆగి, మళ్ళీ తోసింది. ఆవిడకి నడుంనొప్పి, డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు.

అతను లేచి వెళ్ళి రెండోవైపు పట్టుకున్నాడు.